మట్టి మాత్రం చిన్నదవదు

వీధిలోకి జేసీబీ వచ్చిందంటే చుట్టుపక్కల పనులన్నీ ఆగిపోతాయి. పాల ప్యాకెట్టు కోసం బయల్దేరిన పెద్దాయన అక్కడే నిలబడిపోతాడు. బడికి పోయే పిల్లలు సంచులు భుజాన వేసుకునే చూస్తుంటారు. 2019 మే నెలలో ఈ చూడ్డం మీదే దేశమంతా సోషల్ మీడియాలో జోకులు పేలాయి. వాటికి నవ్వుకున్నవాళ్ళు కూడా తర్వాత జేసీబీ కనబడితే ఆగి చూసే ఉంటారు.

చూడ్డం వరకే. ముట్టుకునే అవకాశం మాత్రం ఎవరికీ ఉండదు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివే విద్యార్థికి కూడా అంతే. నాలుగేళ్ళలో అతను హైడ్రాలిక్స్ పేపరు రాస్తాడు, మోటార్ల పేపరు రాస్తాడు, బలాల లెక్కలు పేజీలకు పేజీలు చేస్తాడు. ఆ మూడూ ఒకేచోట కలిసి మట్టిని తవ్వుతుంటే తన చేతితో నడిపి చూడడు. ఏడెనిమిది టన్నుల యంత్రం. లక్షల్లో ఖరీదు. పొరపాటు జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది. ఎవరిస్తారు?

ఇంకో చివర సైన్స్ ఫెయిర్ ఉంది. అక్కడ ప్రతి ఏడాదీ ఒక సిరంజి జేసీబీ ఉంటుంది. అట్టముక్కల చేయి, ఐస్‌క్రీం పుల్లల బకెట్టు, సెలైన్ గొట్టాలు, వాటిలో ఎర్రరంగు నీళ్ళు. ఇటు సిరంజి నొక్కితే అటు సిరంజి పైకి లేస్తుంది. ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్నివైపులా సమానంగా పాకుతుందన్న పాస్కల్ సూత్రాన్ని ఇంత చవగ్గా చూపే సాధనం మరొకటి లేదు. కానీ అది ఎత్తేది థర్మకోల్ ముక్కల్ని. మట్టిలో దింపితే అట్ట వంగిపోతుంది.

ఈ రెండింటికీ మధ్య ఒక పెద్ద ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఇమిడే వస్తువు గురించే ఈ వ్యాసం. వందా రెండు వందల కిలోల బరువు, 48 వోల్టుల బ్యాటరీ, నాలుగైదు లీటర్ల బకెట్టు, ఇనుప చేయి. నిజమైన నేలను నిజంగా తవ్వే చిన్న విద్యుత్ యంత్రం. దాన్ని విద్యార్థులే గీసుకుని, కోసుకుని, అతికించుకుని, నడుపుకోవాలి. తవ్వేదే కానక్కర్లేదు. మట్టి ఎత్తిపోసే చిన్న లోడరు కావచ్చు, బరువు మోసే డంపరు కావచ్చు, నేలను అణిచే రోలరు కావచ్చు. తవ్వే యంత్రంలో చిక్కులన్నీ ఒకేచోట ఉంటాయి కాబట్టి మనం దాన్నే పట్టుకుందాం.

మొదట చాలామందికి తోచే ఆలోచన ఒకటుంది. పెద్ద జేసీబీ బొమ్మ తీసుకుని, కొలతలన్నీ నాలుగో వంతుకు తగ్గించి చేస్తే సరిపోదా? సరిపోదు. ఎందుకు సరిపోదో తెలుసుకోవడమే ఈ చదువులో మొదటి పాఠం. బహుశా అన్నిటికంటే పెద్ద పాఠం కూడా అదే.

లెక్క వేసి చూద్దాం. మన ఊళ్ళలో తిరిగే జేసీబీ బరువు సులువు కోసం 8 టన్నులు అనుకుందాం. వెనక చేతికి ఉండే బకెట్టులో పావు ఘనమీటరు, అంటే 250 లీటర్ల మట్టి పడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ నాలుగో వంతు చేశాం. బరువు నాలుగో వంతు అవదు. మూడు వైపులా తగ్గించాం కాబట్టి నాలుగు నాలుగుల పదహారు, పదహారు నాలుగుల అరవై నాలుగు. బరువు 64వ వంతుకు పడిపోతుంది. 8,000 కిలోలు కాస్తా 125 కిలోలు. బకెట్టులో పట్టేది 4 లీటర్లు. స్నానాల గది మగ్గుతో నాలుగైదు మగ్గులు.

ఇప్పుడు ఈ చిన్న యంత్రాన్ని నల్లరేగడి నేల మీద పెట్టండి. రేగడి బంకమట్టి. దాని కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఈ పట్టును సంసంజనం (ఒకే పదార్థపు కణాలు అంటుకుని ఉండే గుణం) అంటారు. బకెట్టు పళ్ళు ఆ పట్టును తెంపుకుంటూ పోవాలి. ఎంత వెడల్పు, ఎంత లోతు తెంపుతున్నాం అన్నదాన్నిబట్టి, అంటే వైశాల్యాన్నిబట్టి, నేల అడ్డుపడుతుంది. వైశాల్యానికి రెండు వైపులే. అందుకని నేల అడ్డు 16వ వంతుకే తగ్గింది. యంత్రం బరువేమో 64వ వంతుకు తగ్గింది. అంటే తన బరువుతో పోల్చుకుంటే ఈ చిన్న యంత్రానికి అదే నేల నాలుగు రెట్లు గట్టిగా తగులుతుంది.

ఫలితం కళ్ళకు కనిపిస్తుంది. బకెట్టు పళ్ళు నేలలో దిగవు. చేయి కిందికి నెట్టిన కొద్దీ యంత్రం ముందుభాగమే పైకి లేస్తుంది. దగ్గరికి లాగబోతే మట్టి రాదు, యంత్రమే మట్టి వైపు జారుతుంది. మోటారు బలం చాలలేదని విద్యార్థులు ఇంకా పెద్ద మోటారు తెచ్చి పెడతారు. అప్పుడు యంత్రం ఇంకాస్త జోరుగా పైకి లేస్తుంది. కొరత ఉన్నది బలంలో కాదు, నేలను పట్టుకుని నిలబడే బరువులో.

అదే యంత్రాన్ని గోదావరి ఇసుక మీద పెడితే చక్కగా తవ్వుతుంది. పొడి ఇసుకలో కణాల మధ్య పట్టు లేదు. అక్కడ అడ్డుపడేది ఇసుక బరువు, దాని రాపిడి. తవ్వే ఇసుక కూడా మూడు వైపులా తగ్గింది కాబట్టి ఆ అడ్డు కూడా 64వ వంతుకే తగ్గుతుంది. లెక్క సరితూగుతుంది. ఇసుకపెట్టెలో ఆడించే బొమ్మ జేసీబీ ఇసుకలో భేషుగ్గా పనిచేసి, పెరట్లో ఎండిన నేల మీద గీత కూడా పెట్టలేకపోవడానికి కారణం ఇదే. పిల్లవాడు అది బొమ్మ కాబట్టే అనుకుంటాడు. నిజానికి అక్కడ జరుగుతున్నది గెలీలియో 1638లో అచ్చువేసిన పుస్తకంలో చర్చించిన సంగతి. ఆకారం ఒకటే అయినా, పరిమాణం మారితే బరువు ఒక దారిలో, వైశాల్యం ఒక దారిలో నడుస్తాయి. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోయగలగడమూ, ఏనుగుకు అంత లావు కాళ్ళు కావలసిరావడమూ ఇందువల్లే.

కాబట్టి చిన్న యంత్రాన్ని చేసేవాళ్ళు పెద్దదాని బొమ్మను కుదించరు. కొత్తగా ఆలోచిస్తారు. బకెట్టును ఇంకా సన్నగా చేస్తే ఒక్కో పంటికి అందే బలం పెరుగుతుంది. కాళ్ళు వెడల్పుగా చాపి, మొనలు నేలలో గుచ్చితే జారడం తగ్గుతుంది. ఒక్క దెబ్బకు లోతుగా దిగకుండా పలచని పొరలుగా గీకుతూ పోవచ్చు. ముందురోజు సాయంత్రం నేలను తడిపి పెట్టవచ్చు. చివరిది ఇంజినీరింగ్ కాదు, మోసం అని ఒక విద్యార్థి నాతో వాదించాడు. దుక్కికి ముందు వానకోసం ఆగే రైతు దాన్ని మోసం అనడు.

ఈ చిక్కు మన కాలేజీలదే అనుకోవద్దు. చంద్రుడి మీద తవ్వాలనుకునేవాళ్ళకు కూడా ఇదే చిక్కు. అక్కడ గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నదాంట్లో ఆరో వంతు. పైగా రాకెట్టులో మోసుకెళ్ళాలి కాబట్టి యంత్రం తేలిగ్గా ఉండక తప్పదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఈ ప్రశ్నను పోటీగా పెట్టింది. 2009 అక్టోబరులో కాలిఫోర్నియాలో జరిగిన పోటీలో, చంద్రుడి ధూళిని పోలిన పొడిని అరగంటలో కనీసం 150 కిలోలు తవ్విపోయాలన్నది షరతు. వూస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన జట్టు యంత్రం 439 కిలోలు తవ్వింది. 5 లక్షల డాలర్ల బహుమతి గెల్చుకుంది. మరుసటి ఏడాది, 2010 నుంచి, విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసమే లూనాబాటిక్స్ పేరుతో నాసా పోటీలు మొదలుపెట్టింది. తవ్వే యంత్రాన్ని విద్యార్థులే బ్యాటరీతో నడిచేలా తయారుచేసుకొస్తారు.

ఆ పోటీ నిబంధనల్లో నాకు నచ్చేవి రెండు. యంత్రం బరువు పెరిగితే మార్కులు తగ్గుతాయి. యంత్రం ఎంత విద్యుత్తు వాడిందో కొలిచే మీటరు దాని మీదే ఉండాలి. ఎంత తవ్వావన్న ఒక్క ప్రశ్నతో వదలకుండా, ఎంత ఖర్చుతో తవ్వావని కూడా అడుగుతారన్నమాట.

బరువు లేకుండా నేలను పట్టుకోవడం ఎలా? నాసా ఇంజినీర్లు 2013లో చూపించిన రాసర్ అనే రోబోలో దీనికి ఒక అందమైన జవాబుంది. దానికి ముందొకటి, వెనకొకటి రెండు డ్రమ్ములు. డ్రమ్ముల చుట్టూ చిన్న చిన్న బకెట్లు. రెండు డ్రమ్ములూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. ముందు డ్రమ్ము యంత్రాన్ని ఒకవైపు లాగితే వెనక డ్రమ్ము రెండోవైపు లాగుతుంది. రెండు లాగుళ్ళూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. యంత్రం ఉన్నచోటే నిలబడి తవ్వుతుంది. బరువు పనిని పొందికతో సాధించారు.

ఇక విద్యుత్తు సంగతి. కరెంటుతో తవ్వడం కొత్త విషయమేమీ కాదు. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో పెద్ద షావెళ్ళు ఏనాటి నుంచో కరెంటు మీదే నడుస్తున్నాయి. లావాటి కేబులు తోకలా ఈడ్చుకుంటూ తిరుగుతాయి. కొత్తదేమిటంటే ఆ తోక తెగడం. బ్యాటరీ యంత్రంలోకే వచ్చి కూర్చోవడం.

అది ఇప్పుడే ఎందుకు జరుగుతోందో త్వరగా చెప్పుకుందాం. 2010 ప్రాంతంలో లిథియం బ్యాటరీ ప్యాకు ఒక కిలోవాట్-గంటకు (మన కరెంటు బిల్లులో ఒక యూనిట్‌కు) వెయ్యి డాలర్ల పైచిలుకు పడేది. 2024లో ప్రపంచ సగటు 115 డాలర్లకు దిగింది. ఓస్లో నగరం 2025 జనవరి నుంచి తన మునిసిపల్ నిర్మాణ పనుల్లో పొగ రాని యంత్రాలే ఉండాలంది. మన దేశంలోనూ అదే నెల నుంచి నిర్మాణ యంత్రాల పొగ మీద ఐదో దశ నిబంధనలు వచ్చాయి. వోల్వో చిన్న ఎక్స్‌కవేటర్లలో కొత్త డీజిల్ మోడళ్ళ అభివృద్ధి ఆపేస్తామని 2019 జనవరిలోనే ప్రకటించింది. జేసీబీ తన 1.9 టన్నుల విద్యుత్ మినీ యంత్రానికి 2020లో బ్రిటన్ ఇంజినీరింగ్ పురస్కారం మాక్‌రాబర్ట్ అందుకుంది.

విద్యార్థికి ఇంతకంటే ముఖ్యమైన కారణం ఇంటి పక్కనే ఉంది. ఈ-రిక్షా. ఆ బండి ఊళ్ళలోకి వచ్చాక 48 వోల్టుల మోటారు, దాని కంట్రోలరు (మోటారుకు ఎంత కరెంటు పంపాలో చూసుకునే పెట్టె), బ్యాటరీ, చార్జరు అన్నీ మామూలు సరుకైపోయాయి. చెడితే బాగుచేసే మెకానిక్కూ ఉన్నాడు. పదిహేనేళ్ళ కిందట ఇవే కావాలంటే విదేశం నుంచి తెప్పించుకుని కస్టమ్స్ కోసం ఎదురుచూడాల్సి వచ్చేది.

అయితే చదువు కోసం విద్యుత్తునే ఎంచుకోవడానికి అసలు కారణం ధర కాదు, పొగ కూడా కాదు. విద్యుత్తు లోపల జరిగేది బయటికి చెబుతుంది. డీజిల్ ఇంజను ఎంత కష్టపడుతోందో చెవితో పోల్చుకోవాలి. అనుభవమున్న ఆపరేటరు పోల్చుకుంటాడు, కొత్తవాడికి తెలియదు. విద్యుత్ యంత్రంలో తీగ దగ్గర ఒక అమ్మీటరు (కరెంటు ఎంత పారుతోందో చూపే సాధనం) పెడితే చాలు. బకెట్టు గాలిలో ఉన్నప్పుడు అది 5 చూపిస్తుంది. ఇసుకలో దిగితే 12. రేగడిలో దిగితే 25. రాయి తగిలితే ముల్లు చివరికి పరుగెడుతుంది. ఈ అంకెలు యంత్రాన్నిబట్టి మారతాయి గాని వరస మారదు. నేల ఎంత గట్టిగా ఉందో ఆంపియర్లలో చదువుకోవచ్చు. దానికి రెండు మూడు వందల రూపాయల చిన్న సర్క్యూట్ బోర్డు తగిలిస్తే ప్రతి సెకనుకూ ఒక అంకె కంప్యూటర్లోకి ఎక్కుతుంది.

ఆ అంకెలు చేతికొచ్చాక ఒక విచిత్రం బయటపడుతుంది. మన 4 లీటర్ల బకెట్టులో పట్టే మట్టి సుమారు 6 కిలోలు. దాన్ని ఒక మీటరు ఎత్తుకు లేపడానికి కావలసిన శక్తి 60 జౌళ్ళు. ఒక బకెట్టు తవ్వి, ఎత్తి, పక్కన పోసి తిరిగి రావడానికి 15 సెకన్లు పట్టిందనుకుందాం. ఆ సమయమంతా యంత్రం సగటున 500 వాట్లు వాడిందనుకుందాం. 500ను 15తో గుణిస్తే 7,500 జౌళ్ళు. అందులో మట్టిని పైకి లేపడానికి పోయింది 60. రూపాయి ఖర్చుపెడితే పైసా పని కూడా జరగలేదు.

మిగతా 99 పైసలు ఎక్కడికి పోయాయి? ఈ ఒక్క ప్రశ్న ఒక సెమిస్టరు నడుపుతుంది. కొంత మట్టి పట్టును తెంపడానికి పోయింది, అది న్యాయమైన ఖర్చు. చేయి బరువే 20 కిలోలుంటే, మట్టి లేచిన ప్రతిసారీ దానితోబాటు ఆ 20 కిలోలూ లేచాయి. మట్టికంటే చేతికే ఎక్కువ పోయింది. చేయి దిగేటప్పుడు ఆ శక్తి తిరిగి రాలేదు, వేడిగా మారి పోయింది. కొంత మరల రాపిడిలో, కొంత మోటారు వేడిలో. కొంత, నడిపేవాడు ఏ లీవరు లాగాలో ఆలోచించుకుంటూ ఉండిపోయిన సెకన్లలో. విద్యార్థులు ఒక్కొక్కదాన్నీ విడివిడిగా కొలవవచ్చు. బకెట్టు ఖాళీగా పెట్టి ఎత్తితే చేయి లెక్క తేలుతుంది. పిన్ను విప్పి మరను ఒక్కదాన్నే తిప్పితే రాపిడి లెక్క తేలుతుంది.

మరల గురించి ఇక్కడ కాస్త ఆగాలి. పెద్ద జేసీబీలో చేతిని కదిపేది నూనె ఒత్తిడి. ఇప్పుడొస్తున్న బ్యాటరీ యంత్రాల్లో కూడా ఎక్కువ వాటిలో మోటారు నూనె పంపును తిప్పుతుంది, ఆ తర్వాత అంతా పాత కథే. చిన్న యంత్రంలో నూనె వద్దనుకుంటే యాక్చుయేటరు (మోటారు తిరుగుడును నెట్టుడుగా మార్చే మర కడ్డీ) పెట్టుకోవచ్చు. 2022 జనవరిలో అమెరికా కంపెనీ బాబ్‌క్యాట్ ఇలా నూనె సిలిండర్లే లేని లోడరును చూపించింది. కాబట్టి ఇది పిల్లల కోసం చేసిన సర్దుబాటేమీ కాదు.

మరల్లో రెండు రకాలు. లారీ కింద పెట్టే స్క్రూ జాకీ చూసే ఉంటారు. తిప్పితే లారీ లేస్తుంది, చెయ్యి వదిలేస్తే దిగదు. రాపిడే దాన్ని పట్టుకుంటుంది. కానీ ఆ రాపిడే మనం పెట్టిన శ్రమలో సగానికి పైగా తినేస్తుంది. రెండోది బాల్ స్క్రూ (గాడిలో ఉక్కు గోళీలు దొర్లే మర). ఇది పెట్టిన శక్తిలో దాదాపు 90 శాతం అందిస్తుంది. చేయి దిగేటప్పుడు మోటారును వెనక్కి తిప్పి బ్యాటరీకి కొంత కరెంటు కూడా తిరిగి ఇవ్వగలదు. అయితే కరెంటు పోయిందంటే చేయి దభీమని కింద పడుతుంది. దానికి వేరే బ్రేకు పెట్టాలి. పొదుపు కావాలా, కింద నిలబడ్డవాడి భద్రత కావాలా? రెండూ కావాలంటే ఎంత ఖర్చు? పరీక్ష పేపర్లో ఇది రెండు మార్కుల తేడా రాయండి ప్రశ్న. యంత్రం దగ్గర అది ఎవరి తల మీద పడుతుందన్న ప్రశ్న.

దిగేటప్పుడు కరెంటు తిరిగి రావడం ఎంత దూరం పోగలదో చెప్పడానికి స్విట్జర్లాండు ఉదాహరణ ఒకటి చెబుతాను. బీల్ పట్టణం దగ్గరి క్వారీలో పనిచేసే ఈ-డంపరు అనే పెద్ద ట్రక్కులో 600 కిలోవాట్-గంటల బ్యాటరీ ఉంది. క్వారీ కొండ మీద, క్రషరు కింద. ట్రక్కు ఖాళీగా ఎక్కుతుంది, రాయితో నిండి దిగుతుంది. దిగేటప్పుడు బ్రేకు వేసే పని మోటారే చేస్తూ బ్యాటరీని నింపుతుంది. ఎక్కడానికి అయిన ఖర్చు చాలావరకు దిగేటప్పుడు వచ్చేస్తుంది. కొండ కిందికి దిగుతున్న రాయి బరువే దానికి డీజిలు.

బ్యాటరీ బరువు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కారులో బ్యాటరీ బరువు శత్రువు. తవ్వే యంత్రంలో మిత్రుడు. పెద్ద ప్రొక్లెయిన్ల వెనక భాగంలో ఉత్తి ఇనుప దిమ్మ ఒకటి ఉంటుంది. చేయి ముందుకు చాచినప్పుడు యంత్రం బోర్లా పడకుండా అది కాస్తుంది. (ఆ ప్రొక్లెయిన్ అన్న మాట పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరు, మన నోళ్ళలో నాని ఇలా స్థిరపడింది.) మన యంత్రంలో బకెట్టు మట్టి 6 కిలోలు, ముందు అంచు నుంచి 1.2 మీటర్ల దూరంలో. గుణిస్తే 7.2. పది కిలోల బ్యాటరీని అదే అంచుకు 0.7 మీటర్ల వెనక పెడితే 7. పిల్లలు ఊగే తూగుడుబల్ల లెక్కే. బ్యాటరీ ఎక్కడ పెట్టాలన్నది ఖాళీ ఎక్కడుందో చూసి తేల్చే విషయం కాదని దీంతో తెలుస్తుంది.

ఇదంతా లెక్కల వైపు. చేతుల వైపు ఇంకో ప్రపంచం ఉంది. నేను చూసిన ఒక కాలేజీ షెడ్డులో ఇలాంటి యంత్రం చేయి మొదటిసారి లేచినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మీటరు దగ్గర కూర్చున్న అమ్మాయి మాత్రం కొట్టలేదు. బకెట్టులో ఏమీ లేదు, అయినా మీటరు 14 చూపిస్తోంది. లెక్క ప్రకారం 6 దాటకూడదు. మోటారు అనుమానించారు, కంట్రోలరు అనుమానించారు. రెండు రోజులు పోయాయి. చివరికి యాక్చుయేటరు విప్పేసి చేతిని ఉత్త చేత్తో కదిపి చూశారు. కదల్లేదు. కీలు దగ్గర పిన్ను బిగుసుకుపోయి ఉంది.

కారణం ఇది. చేతికి రెండు వైపులా పిన్ను దూరే చెవులు ఉంటాయి. వాళ్ళు రేకుకు ముందే రంధ్రాలు వేయించి, ఆ తర్వాత చెవులు వెల్డింగు చేశారు. వెల్డింగు చల్లారుతూ ఇనుమును తన వైపు లాగుతుంది. రెండు రంధ్రాలూ అర మిల్లీమీటరు అటూ ఇటూ అయ్యాయి. పిన్ను సుత్తితో కొట్టి ఎక్కించారు. దాన్ని తీసుకుని లేతు మేస్త్రీ దగ్గరికి వెళితే, ఆయన రంధ్రంలో వేలు పెట్టి చూసి, "ముందు అతికించుకుని, ఆ తర్వాత బోరు కొట్టించుకోవాలి బాబూ. ఇనుము ఊరుకోదు" అన్నాడు. అరిగిపోయిన జేసీబీ బకెట్లకు బోరు కొట్టి కొత్త బుష్షులు (పిన్ను తిరిగే చోట తొడిగే గొట్టాలు) వేయడం ఆయన రోజూ చేసే పని. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ బాలానగర్‌లోనో ఒక పూట తిరిగితే ఈ చదువు దొరుకుతుంది. ఆ తర్వాత మీటరు 6కు దిగలేదు, 7 దగ్గర ఆగింది. ఆ ఒక్క ఆంపియరూ గ్రీజు కోసం అడుగుతోందని తర్వాత తేలింది.

నడపడం నేర్చుకోవడం కూడా ఒక పాఠమే. చేయి ఒక కీలు దగ్గర తిరిగితే బకెట్టు వృత్తంలో పోతుంది. కాలువ అడుగు చదునుగా రావాలంటే రెండు మూడు కీళ్ళు ఒకేసారి, వేర్వేరు వేగాల్లో కదలాలి. ఏ క్షణాన ఏ కీలు ఎంత తిరగాలన్నది గట్టి త్రికోణమితి. రోబోల శాస్త్రంలో దానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. మన వీధిలో జేసీబీ నడిపే కుర్రాడు బీడీ కాలుస్తూ అదే పని చేతి మణికట్టుతో చేసేస్తుంటాడు. అలాంటి ఆపరేటరును ఒకరోజు కాలేజీకి పిలిచి, లీవర్ల కదలికను రికార్డు చేసి, విద్యార్థులు రాసిన ప్రోగ్రాముతో పోల్చి చూస్తే బాగుంటుంది. ఎవరు తక్కువ కరెంటుతో తవ్వారో మీటరే చెబుతుంది.

ప్రమాదాల మాట దాచకూడదు. 48 వోల్టులు పొడి చేతికి షాకివ్వడం అరుదు. ఆ ధీమాయే ప్రమాదం. బ్యాటరీ రెండు కొసల మధ్య స్పానరు పడితే వందల ఆంపియర్లు పారి, స్పానరు ఎర్రగా కాలుతుంది. ఉంగరాలు, గాజులు, వాచీలు తీసి పని చేయాలి. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. కీళ్ళ మధ్య వేలు పడితే మోటారుకు అది వేలని తెలియదు. లూనాబాటిక్స్ పోటీలో ప్రతి యంత్రం మీదా అందరికీ కనపడేలా ఒక ఎర్ర బటను ఉండి తీరాలి. నొక్కితే అన్నీ ఆగిపోవాలి. మన షెడ్లలో కూడా మొదట బిగించాల్సిన భాగం అదే. సాధారణంగా అది చివర్లో, పరీక్షకుడు వచ్చే ముందురోజు బిగిస్తారు.

డబ్బు? ఇలాంటి యంత్రానికి కాలేజీ ఒక్కసారి పెట్టే ఖర్చు కంటే ఏటా పెట్టాల్సిన ఓపిక ఎక్కువ. కేంద్రం బడులకిచ్చే అటల్ టింకరింగ్ ల్యాబుల పథకంలో ఒక్కో బడికి 20 లక్షల దాకా అందుతుంది. 2025 నాటికి 10,000 ల్యాబులు వచ్చాయి. మరో ఐదేళ్ళలో 50,000 పెడతామని 2025 బడ్జెట్లో చెప్పారు. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ లాంటి చోట లోహం కోసే యంత్రాలు ఉన్నాయి. వస్తువుల కొరత మునుపటంత లేదు. నేను చూసిన రెండు మూడు ల్యాబుల్లో త్రీడీ ప్రింటర్లున్నాయి, సెన్సర్లున్నాయి, గాజు అద్దాల వెనక తళతళలాడుతున్నాయి. ఎక్కడా పిడికెడు మట్టి కనిపించలేదు. బురద లోపలికి రాకుండా గుమ్మంలో చెప్పులు విప్పించారు.

ఇంకో అడ్డంకి అందరికీ తెలిసిందే. ఫైనలియర్ ప్రాజెక్టులు దుకాణాల్లో దొరుకుతాయి, రిపోర్టుతో సహా. ఈ యంత్రాన్ని కూడా రేపు కిట్టుగా అమ్ముతారు. కిట్టు తప్పని నేననను. బడిపిల్లలకు అది మంచి ఆరంభం. కానీ కిట్టులో రంధ్రాలన్నీ సరిగ్గానే కలుస్తాయి. ఆ 14 ఆంపియర్ల రెండు రోజులు అందులో ఉండవు.

పైన చెప్పిన షెడ్డు వెనక చిన్న ఖాళీ స్థలం ఉంది. అక్కడ ఒక మూల ఇసుక కుప్ప, ఒక మూల ఎర్రమట్టి, ఒక మూల ఎవరో లారీతో తెప్పించిన రేగడి. మూడింటి పక్కనా మూడు చెక్కలు పాతి, వాటి మీద సుద్దతో ఆంపియర్ల అంకెలు రాశారు. నేను వెళ్ళిన ముందురాత్రి వాన పడింది. ఇసుక అంకె పెద్దగా మారలేదు. రేగడి దగ్గర బకెట్టు సులువుగా దిగింది, మీటరు తక్కువే చూపించింది. కానీ పైకెత్తి బోర్లించాక మట్టి కింద పడలేదు, బకెట్టుకే అంటుకుపోయింది. ఖాళీ అయిందనుకున్న బకెట్టు మూడు కిలోల బురద మోస్తూ వెనక్కి వచ్చింది. దాన్ని రాల్చడానికి ఒక కుర్రాడు కర్ర తీసుకుని పరుగెత్తబోయాడు. "ముందు ఎర్ర బటను నొక్కరా" అని మీటరు దగ్గరి అమ్మాయి అరిచింది.